ప్లేట్‌లెట్లు లాగితేనే ఫైబ్రిన్ బిగుస్తుంది

ఏ మందూ కలపని గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి పక్కన పెడితే, కొద్ది నిమిషాల్లోనే అది కదలకుండా ముద్దకడుతుంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు రోజూ చూసేదే ఇది. అసలు గమనించాల్సింది ఆ తర్వాత జరిగేది. గొట్టాన్ని కదపకుండా గంటో రెండు గంటలో వదిలేస్తే, ఆ ముద్ద గాజు గోడలను వదిలి లోపలికి కుంచించుకుపోతుంది. దాని చుట్టూ లేత పసుపు రంగు ద్రవం ఊరుతుంది. మనం సీరం అని పిలిచేది దాన్నే. ఇప్పుడు రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మాను తీసుకుని, అందులోంచి ప్లేట్‌లెట్లను పూర్తిగా తీసేసి ఇదే ప్రయోగం చేస్తే, గడ్డ కడుతుంది కానీ ముడుచుకోదు. గొట్టం నిండా మెత్తగా, నీళ్లు నింపుకుని అలాగే ఉండిపోతుంది.

రెండు గొట్టాల్లోనూ ఫైబ్రిన్ ఉంది, అంటే గడ్డకు వలలా అల్లుకునే ప్రొటీన్ పోగులు. తేడా అంతా ప్లేట్‌లెట్లదే. మొదటి గొట్టంలో అవి ఫైబ్రిన్ పోగులను పట్టుకుని లోపలికి లాగాయి. రెండో గొట్టంలో లాగేవాళ్లు లేరు. గాయమైన రక్తనాళం దగ్గర రక్తం ఆగాలంటే ఈ లాగుడు జరగాలి. పాఠ్యపుస్తకాలు దీన్ని రెండు దశలుగా చెబుతాయి: ముందు ప్లేట్‌లెట్ల అడ్డు, తర్వాత ఫైబ్రిన్ వల. పరీక్షకు చదవడానికి ఆ విభజన సౌకర్యంగానే ఉంటుంది. శరీరంలో మాత్రం ఈ రెండూ మొదటి నిమిషం నుంచీ ఒకదాని పనిలో ఒకటి చేయి పెడుతూనే ఉంటాయి. ఫైబ్రిన్ తయారవడానికి చోటిచ్చేది ప్లేట్‌లెట్. ప్లేట్‌లెట్ పట్టుకోవడానికి ఆధారం ఇచ్చేది ఫైబ్రిన్. ఈ పట్టు గురించి ఆలోచించకుండా రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తే, జబ్బు సగమే అర్థమవుతుంది.

ప్లేట్‌లెట్ చాలా చిన్నది. దాని వ్యాసం 2 నుంచి 3 మైక్రోమీటర్లు. కేంద్రకం ఉండదు. ఎముక మజ్జలోని మెగాకేరియోసైట్ అనే పెద్ద కణం నుంచి ముక్కలుగా విడివడి రక్తంలోకి వస్తుంది, 7 నుంచి 10 రోజులు బతుకుతుంది. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. అంటే ఒక పెద్ద మనిషి ఒంట్లో ఏ క్షణంలో చూసినా లక్ష కోట్ల దరిదాపుల్లో తిరుగుతుంటాయి. ఇటలీకి చెందిన జూలియో బిజ్జొజీరో 1882లో వీటిని ప్రత్యేక కణాలుగా గుర్తించి, దెబ్బతిన్న రక్తనాళం గోడకు ముందుగా అంటుకునేవి ఇవేనని సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు.

రక్తనాళం తెగినప్పుడు లోపలి పొర చిరిగి, దాని కింద ఉన్న కొల్లాజెన్ బయటపడుతుంది. రక్తంలో తిరిగే వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవైన ప్రొటీన్ ఆ కొల్లాజెన్ మీద వాలుతుంది. ధమనుల్లో రక్తం వేగంగా పోతుంటుంది కాబట్టి ఆ ఒరిపిడికి ఈ ప్రొటీన్ సాగి, అప్పటిదాకా దాగి ఉన్న కొక్కేల్ని బయటపెడుతుంది. పక్కగా దొర్లిపోతున్న ప్లేట్‌లెట్లు వాటికి తగులుకుని నెమ్మదిస్తాయి, ఆగుతాయి, కొల్లాజెన్‌ను తాకుతాయి. తాకగానే వాటి రూపు మారుతుంది. బిళ్లలా ఉన్నది చుట్టూ సన్నని వేళ్లు చాపుతుంది. లోపల దాచుకున్న రేణువుల్లోంచి ఏడీపీ, క్యాల్షియం, ఫైబ్రిన్‌కు ముడిసరుకైన ఫైబ్రినోజెన్, ఇంకా అనేక పదార్థాలను బయటికి వదులుతుంది. థ్రాంబాక్సేన్ అనే సంకేతాన్ని తయారు చేసి పంపుతుంది. దాంతో చుట్టుపక్కల ప్లేట్‌లెట్లు కూడా మేలుకుంటాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ ఇచ్చేది ఈ థ్రాంబాక్సేన్‌ను ఆపడానికే. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి ఆస్పిరిన్ చెడగొట్టిన ఎంజైమును అది మళ్లీ తయారు చేసుకోలేదు. అందుకే ఆ ప్లేట్‌లెట్ బతికున్నన్నాళ్లూ మందు ప్రభావం ఉంటుంది.

మేలుకున్న ప్లేట్‌లెట్ ఉపరితలం మీద జరిగే మార్పుల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఆల్ఫా టూబీ బీటా త్రీ అనే గ్రాహకానిది, అంటే బయటి పదార్థాలను పట్టుకునే ప్రొటీన్‌ది. ఆస్పత్రుల్లో దీన్ని జీపీ టూబీ త్రీఏ అంటారు. ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఇవి సుమారు 80,000 ఉంటాయి. మామూలు సమయంలో ఇవి ముడుచుకుని ఉంటాయి. రక్తం నిండా ఫైబ్రినోజెన్ ఉన్నా దాన్ని పట్టుకోవు. పట్టుకునేట్టుంటే ఒంట్లో రక్తమంతా ఎప్పుడో గడ్డకట్టేది. కణం లోపలి నుంచి టాలిన్, కిండ్లిన్ అనే ప్రొటీన్లు వచ్చి గ్రాహకం తోకను పట్టినప్పుడే దాని తల నిటారుగా లేచి తెరుచుకుంటుంది. ఫైబ్రినోజెన్ అణువు పొడవు 45 నానోమీటర్లు, రెండు చివరలూ ఒకేలా ఉంటాయి. ఒక చివర ఒక ప్లేట్‌లెట్‌కు, రెండో చివర ఇంకో ప్లేట్‌లెట్‌కు తగులుకుంటుంది. అలా ఒకదానికొకటి ముడిపడి తొలి అడ్డు తయారవుతుంది. అయితే ఈ దశలో ఉన్నది ఇంకా ఫైబ్రినోజెనే. ముడులు వదులుగా ఉంటాయి. రక్తప్రవాహం గట్టిగా ఉంటే అంచుల నుంచి ప్లేట్‌లెట్లు ఊడిపోతూనే ఉంటాయి.

ఇక్కడే ప్లేట్‌లెట్ తన రెండో పని మొదలుపెడుతుంది. గట్టిగా ప్రేరేపితమైన ప్లేట్‌లెట్ తన పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వును బయటివైపుకు తిప్పుతుంది. రక్తంలో తిరిగే ఫ్యాక్టర్లు అనే గడ్డకట్టించే ప్రొటీన్లు క్యాల్షియం సాయంతో ఆ కొవ్వు మీదికి చేరతాయి. ఫ్యాక్టర్ 10, ఫ్యాక్టర్ 5 అక్కడ జతకట్టి ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తాయి. ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్‌గా మార్చే ఎంజైము ఈ త్రాంబినే. ద్రవంలో ఫ్యాక్టర్ 10 ఒంటరిగా చేసే పనితో పోలిస్తే ఈ జత అదే పనిని ఈ ఉపరితలం మీద దాదాపు 3 లక్షల రెట్లు వేగంగా చేస్తుంది. అంటే త్రాంబిన్ కుప్పగా పుట్టేది ప్లేట్‌లెట్ల గుంపు మధ్యనే. గాయానికి దూరంగా, ప్లేట్‌లెట్లు లేని చోట, త్రాంబిన్ పుట్టినా అది కొద్దిగానే. గడ్డ గాయం దగ్గరే కట్టి ఒళ్లంతా పాకకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో ప్లేట్‌లెట్లు ఈ కొవ్వును తిప్పలేవు. వాళ్లలో ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, త్రాంబిన్ మాత్రం చాలినంత పుట్టదు, రక్తస్రావం ఆగదు.

రక్తం సరిగా గడ్డకట్టని పుట్టు జబ్బు హీమోఫిలియాలో జరిగేదీ దీనికి దగ్గరిదే. ఫ్యాక్టర్ 8 గానీ 9 గానీ లేకపోవడంతో ప్లేట్‌లెట్ల మీద త్రాంబిన్ ఉప్పెనలా పుట్టదు. పిల్లాడికి పన్ను తీస్తే మొదట రక్తం ఆగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ప్లేట్‌లెట్ల అడ్డు మామూలుగానే పడింది. కొన్ని గంటలయ్యాక మళ్లీ కారడం మొదలవుతుంది. ఆ అడ్డును పట్టి ఉంచాల్సిన ఫైబ్రిన్ సరిగా రాలేదు. రక్తకణాల లెక్క చూపే సీబీపీ రిపోర్టులో ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉంటాయి.

త్రాంబిన్ ఫైబ్రినోజెన్ మీద చేసే పని చాలా చిన్నది. అణువు నడుమ భాగంలో ఉన్న చిన్న ముక్కలను కత్తిరిస్తుంది, అంతే. ఆ ముక్కలు పోగానే అక్కడ బుడిపెలు బయటపడి, పక్క అణువు చివరలో ఉన్న గుంటల్లోకి దిగుతాయి. అలా సగం సగం ఒకదానిపై ఒకటి జరుగుతూ అణువులు బారులు తీరతాయి, ఆ బారులు పక్కపక్కన చేరి పోగులవుతాయి, పోగులు కొమ్మలు వేసి వల అవుతాయి. తర్వాత ఫ్యాక్టర్ 13 వచ్చి అణువుల మధ్య గట్టి రసాయన బంధాలు వేస్తుంది. ప్లాస్మాలో ఫైబ్రినోజెన్ డెసీలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు, అంటే బరువులో అర శాతం కూడా లేదు. అంత కొద్ది ప్రొటీన్ గొట్టంలోని మొత్తం రక్తాన్ని కదలకుండా నిలబెడుతుంది. ఫైబ్రిన్ పోగుకున్న మరో గుణం సాగడం. తన పొడవుకు రెండింతలకు పైగా సాగినా తెగదు. ప్లేట్‌లెట్లు లాగినప్పుడు వల చిరగకుండా ఉండేది ఈ గుణం వల్లే.

ప్లేట్‌లెట్ లోపల ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్లున్నాయి. మన కండరాలను ముడిచేదీ ఈ జాతి ప్రొటీన్లే. ఆల్ఫా టూబీ బీటా త్రీ గ్రాహకం బయట ఫైబ్రిన్‌ను పట్టుకుంటుంది, లోపల ఆక్టిన్‌కు ముడిపడి ఉంటుంది. ప్లేట్‌లెట్ తన సన్నని వేళ్లను చాపి పోగును అందుకుని, బావిలోంచి చేద లాగినట్టు చేయి మార్చి చేయి లాగుతూ తన దగ్గరికి చేర్చుకుంటుంది. లాగిన పోగు ప్లేట్‌లెట్ చుట్టూ ముడతలుగా పోగుపడుతుంది. ఒక్క ప్లేట్‌లెట్ లాగే బలాన్ని 2011లో కొలిచారు. సగటున 30 నానోన్యూటన్ల దగ్గర తేలింది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది కానీ ఆ కణం బరువుతో పోలిస్తే అది లక్షల రెట్లు. లక్షల ప్లేట్‌లెట్లు ఒకేసారి వలను అన్ని వైపుల నుంచీ లాగేసరికి గడ్డ బిగుసుకుని, లోపలి సీరం బయటికి పిండినట్టు వచ్చేస్తుంది. మధ్యలో చిక్కిన ఎర్రకణాలు నొక్కుకుపోయి గుండ్రని రూపం కోల్పోతాయి. అనేక ముఖాలున్న రాళ్లను సందు లేకుండా పేర్చినట్టు ఒకదానికొకటి ఆనుకుంటాయి. గుండెపోటు వచ్చినవాళ్ల ధమనుల నుంచి తీసిన గడ్డల్లో కూడా ఇలాంటి ఎర్రకణాలే కనిపించాయి. కాబట్టి గొట్టంలో కనిపించే ముడుచుకోవడం ఒంట్లోనూ జరుగుతుంది.

ఒక గ్రాహకమే ఫైబ్రినోజెన్‌నూ ఫైబ్రిన్‌నూ పట్టుకుంటుంది గానీ రెండు పట్లూ ఒకటి కావు. ఇది నిజంగా ఆసక్తికరమైన విషయం. ఫైబ్రినోజెన్‌లో గామా గొలుసు అనే భాగం చివర ఉన్న కొన్ని అమైనో ఆమ్లాలే ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి కలిపే ముడి. ఆ చివరి 5 అమైనో ఆమ్లాలు లేకుండా పుట్టించిన ఎలుకల మీద 1996లో ఒక పరిశోధన వచ్చింది. ఆ ఎలుకల్లో ప్లేట్‌లెట్లు సరిగా గుంపు కట్టలేదు, గాయమైతే రక్తం కారుతూనే ఉంది. అయినా గడ్డ ముడుచుకోవడం మాత్రం మామూలుగానే జరిగింది. అంటే ఫైబ్రిన్ పోగును పట్టి లాగడానికి ప్లేట్‌లెట్ ఇంకో చోటును వాడుకుంటోంది. పైగా కొల్లాజెన్‌ను గుర్తించే జీపీ సిక్స్ అనే మరో గ్రాహకం ఫైబ్రిన్‌ను కూడా గుర్తిస్తుందని 2015 ప్రాంతంలో తెలిసింది. ఫైబ్రిన్ పడ్డాక కూడా కొత్త ప్లేట్‌లెట్లు చేరుతూ, మేలుకుంటూ ఉండటానికి ఇదొక దారి.

ఈ పట్టు తప్పితే ఏమవుతుందో గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా చూపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో పిల్లల వైద్యుడు ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్ 1918లో దీన్ని వర్ణించాడు. ఆ పిల్లల్లో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలే, గడ్డ మాత్రం ముడుచుకోవడం లేదని ఆయన రాశాడు. కారణం తెలియడానికి అర్ధశతాబ్దం దాటింది. 1970ల్లో తేలిందేమంటే, వీళ్ల ప్లేట్‌లెట్ల మీద ఆల్ఫా టూబీ బీటా త్రీ గ్రాహకం లేదు, లేదా ఉన్నా పనిచేయదు. ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి గంటల తరబడి రక్తం కారడం, చిన్న తాకుడుకే ఒంటి మీద కమిలిన మచ్చలు, ఆడపిల్లలకు మొదటి నెలసరిలోనే ప్రమాదకరమైన రక్తస్రావం దీని లక్షణాలు. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే కనిపించే జబ్బు. కనుక మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో అవకాశం పెరుగుతుంది. తెలుగు జిల్లాల్లో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. ముక్కు నుంచి పదే పదే రక్తం కారే పిల్లకు సీబీపీ చేయించి, "ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నాయి, భయం లేదు" అని పంపించేస్తే జబ్బు దొరకదు. ప్లేట్‌లెట్లు గుంపు కడుతున్నాయో లేదో చూసే పరీక్ష వేరే ఉంది. దాన్ని చేయించాలి.

దీనికి అవతలి అంచు ఫైబ్రినోజెన్ లేకపోవడం. పుట్టుకతో లేనివాళ్లు చాలా అరుదు. కానీ పల్లెల్లో పొలం పనికి వెళ్లిన మనిషికి ఒక్క గంటలో ఫైబ్రినోజెన్ ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. అది రక్తపింజరి కాటు. ఈ పాముకూ విశాఖపట్నానికీ పాత సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖలో ఉండి కోరమాండల్ తీరం పాములను సేకరించాడు. 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని స్థానికులు పిలిచే కాటుక రేకుల పొడ అనే పేరుతోనే నమోదు చేశాడు. ఇంగ్లిష్‌లో ఈ పాముకు ఆయన పేరే స్థిరపడింది. దీని విషం ఫ్యాక్టర్ 10ను, ఫ్యాక్టర్ 5ను నేరుగా ప్రేరేపిస్తుంది. గాయం లేకుండా, ప్లేట్‌లెట్ల గుంపుతో పని లేకుండా, రక్తమంతటా త్రాంబిన్ పుడుతుంది. ఫైబ్రినోజెన్ ఎక్కడపడితే అక్కడ పనికిరాని చిన్న పోగులుగా మారి కరిగిపోతుంది. నిజంగా రక్తం ఆపాల్సిన చోట ప్లేట్‌లెట్లకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

దీన్ని కనిపెట్టే పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేయొచ్చు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా కారిపోతే విషం రక్తానికెక్కిందని అర్థం, విషానికి విరుగుడైన యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. గొట్టం గాజుదే అయి ఉండాలి, ఎందుకంటే గడ్డకట్టే ప్రక్రియను ఇక్కడ మొదలుపెట్టేది గాజు తలమే. ప్లాస్టిక్ గొట్టం వాడినా, డిటర్జెంట్‌తో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. ఇంత చిన్న విషయం మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. విషం ఇంకా తిరుగుతుండగా ప్లేట్‌లెట్లో ప్లాస్మానో ఎక్కిస్తే అవి కూడా ఖర్చైపోయే ప్రమాదం ఉంది. ముందు విషాన్ని ఆపాలి.

డెంగీ సీజన్‌లో ఇళ్లలో టెన్షన్ అంతా ప్లేట్‌లెట్ల అంకె మీదే ఉంటుంది. పొద్దున 60,000, సాయంత్రం 40,000 అని బంధువులకు ఫోన్లు వెళ్తుంటాయి. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10,000 కంటే కిందికి పడేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిగిలిన ప్లేట్‌లెట్లు పనిచేస్తూ, ఫైబ్రినోజెన్ చాలినంత ఉంటే కొద్ది ప్లేట్‌లెట్లతో కూడా గడ్డ కడుతుంది. డెంగీలో ఎక్కువగా ప్రాణం తీసేది రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. ప్లేట్‌లెట్ల అంకె కన్నా హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ, మూత్రం ఎంత వస్తోందన్నది ముఖ్యం. 2021లో కోవిడ్ రెండో అలప్పుడు డీ-డైమర్ అనే మాట ఇంటింటికీ చేరింది. ఫ్యాక్టర్ 13 కుట్టిన ఫైబ్రిన్‌ను గడ్డలు కరిగించే ప్లాస్మిన్ అనే ఎంజైము కోస్తే మిగిలే ముక్క అది. ఎక్కడో ఫైబ్రిన్ ఏర్పడి, కుట్టబడి, కరుగుతోందని మాత్రమే చెబుతుంది. ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పదు.

రక్తం ఆపడానికి పుట్టిన ఈ పట్టే తప్పు చోట పడితే ప్రాణం తీస్తుంది. గుండె ధమనుల్లో వేగమైన ప్రవాహంలో కట్టే గడ్డలో ప్లేట్‌లెట్ల వాటా ఎక్కువ, కాళ్ల సిరల్లో నెమ్మదిగా కట్టేదానిలో ఫైబ్రిన్, ఎర్రకణాలు ఎక్కువ. అందుకే మొదటిదానికి ప్రధానంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి, రెండోదానికి హెపారిన్, వార్ఫరిన్ లాంటివి వాడతారు. స్టెంట్ వేసేటప్పుడు అవసరమైతే వాడే టిరోఫిబాన్ నేరుగా ఆల్ఫా టూబీ బీటా త్రీనే మూసేస్తుంది. దాని రూపకల్పనకు ఆధారం పింజరి కుటుంబానికే చెందిన మరో పాము విషంలోని ప్రొటీన్. గడ్డ కరిగించే ఇంజెక్షన్ విషయంలో ఆలస్యం ఎందుకు చేయకూడదో కూడా ఇక్కడే తెలుస్తుంది. సమయం గడిచేకొద్దీ ప్లేట్‌లెట్లు వలను బిగించి, మందు లోపలికి ఇంకకుండా చేస్తాయి. ప్లాస్మిన్‌ను పుట్టించే ఎంజైమును అడ్డుకునే పదార్థాన్ని కూడా అవే విడుదల చేస్తాయి. పక్షవాతం లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల్లోపే ఈ ఇంజెక్షన్ పడాలని చెప్పడానికి మెదడు కణాల నష్టం, రక్తస్రావం ముప్పు ప్రధాన కారణాలు. బిగుసుకున్న గడ్డ కరగకపోవడమూ వాటికి తోడవుతుంది.

ప్లేట్‌లెట్లనూ ఫైబ్రిన్‌నూ కలిపి కొలిచే పరీక్ష ఒకటుంది. 1948లో జర్మనీకి చెందిన హార్టర్ట్ రూపొందించిన థ్రాంబోఎలాస్టోగ్రఫీ, దాని తర్వాతి రూపాలు గడ్డ ఎంత గట్టిగా కడుతోందో గ్రాఫ్ గీసి చూపిస్తాయి. అందులో ఒక రకంలో ప్లేట్‌లెట్ల ఆక్టిన్‌ను స్తంభింపజేసే సైటోకలాసిన్ కలిపి ఇంకో గ్రాఫ్ తీస్తారు. అప్పుడు వచ్చే బలం ఒక్క ఫైబ్రిన్‌ది. రెంటికీ ఉన్న తేడా ప్లేట్‌లెట్ల వాటా. కాలేయ మార్పిడి, గుండె ఆపరేషన్లు చేసే పెద్ద ఆస్పత్రుల్లో దీన్ని వాడుతున్నారు.

కాన్పు వార్డుల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. నెలలు నిండిన గర్భిణిలో ఫైబ్రినోజెన్ డెసీలీటరుకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుంది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలో ప్లేట్‌లెట్ల కన్నా ముందు ప్రమాద స్థాయికి పడిపోయేది సాధారణంగా ఇదే. 200కు పడిందంటే తీవ్రమైన రక్తస్రావం జరగబోతోందని అర్థం. ల్యాబ్ కాగితం మీద మాత్రం 200 నార్మల్ పరిధిలోనే అచ్చయి ఉంటుంది, పక్కన ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలని రాసి ఉంటుంది. ఆ రెండంకెలూ చూసి ఊరుకుంటే అప్పటికే సగానికి పైగా ఫైబ్రినోజెన్ పోయిన బాలింతకు సమయం మించిపోతుంది. ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే క్రయోప్రెసిపిటేట్ అనే ప్లాస్మా భాగాన్ని బ్లడ్ బ్యాంకు ఫ్రీజర్‌లో మంచులా గట్టిపరిచి నిల్వ ఉంచుతుంది. దాన్ని కరిగించి వార్డుకు పంపడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి రక్తం పోతున్నప్పుడే దానికోసం అడగాలి.